‘యూనిసెక్స్’ అనే మగ వీపు

‘యూనిసెక్స్’ అన్న మాట ఎక్కడ కనబడినా కాస్త ఆగి, దీన్ని ఎవరి ఒళ్లు కొలిచి కుట్టారు అని అడగమంటాను. టీషర్టు విషయంలో ఈ ప్రశ్న వేసుకోకపోయినా పెద్దగా పోయేదేమీ లేదు. చేతులు మడుచుకుంటాం, సర్దుకుంటాం. సర్దుకోవడం మనకి ఒకరు నేర్పాలా! నేనిక్కడ మాట్లాడబోతున్నది మంచుకొండలెక్కేవాళ్లు వీపున వేసుకునే రక్‌సాక్ గురించి. నిట్టనిలువు మంచుగోడ మీద, రెండు చేతుల్లో రెండు ఐస్ యాక్స్‌లు పట్టుకుని, బూట్లకి తొడిగిన ఇనప పళ్ల మొనల మీద నిలబడ్డ మనిషి వీపు మీద ఉండే సంచి అది. అక్కడ సర్దుకోవడానికి చోటుండదు.

కూలి రేట్లలో తేడా అలాగే ఉంది, ఇళ్లలో దెబ్బలు అలాగే ఉన్నాయి, నీకీ సంచుల గొడవ ఎందుకొచ్చింది అని ఒక పెద్దావిడ, నేను చాలా గౌరవించే రచయిత్రి, మొహమ్మీదే అడిగారు. ఆవిడకి జవాబుగానే ఇది రాస్తున్నాననుకోండి.

నేను డాక్టరేట్ చేసింది యాత్రా సాహిత్యం మీద. యాత్రల్లో ఎవరు చూశారు, ఎవరి కళ్లతో చూశారు, ఎవరు రాశారు అన్న ప్రశ్నలు మనం బాగానే వేసుకున్నాం. ఎవరు మోశారు అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఫుట్‌నోట్‌లోనే ఉండిపోయింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరితే వెంట బోయీలు నడిచారు. వాళ్ల భుజం వైపు నుంచి ఆ ప్రయాణాన్ని చదవడం మనమింకా నేర్చుకోవాలి. కొండలెక్కడం మొదలుపెట్టాక నాకీ ప్రశ్న కాగితం మీంచి దిగి నా సొంత భుజమ్మీదికే వచ్చింది.

పర్వతారోహణ పరిచయం లేని మిత్రుల కోసం రెండు మాటలు. పెద్ద కొండలెక్కడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది ముట్టడి లాంటిది. డజన్ల కొద్దీ మనుషులు, వరసగా క్యాంపులు, ముందే కట్టిన తాళ్లు, మోసేవాళ్లు వేరు, ఎక్కేవాళ్లు వేరు, ఫొటోలో నిలబడేవాళ్లు మరీ వేరు. రెండోది ఆల్పైన్ పద్ధతి. ఇద్దరో ముగ్గురో తమ తిండీ తాడూ గుడారం అన్నీ తామే మోసుకుంటూ ఒక్క ఊపున వెళ్లి రావడం. ఐస్ క్లైంబింగ్ అంటే గడ్డకట్టిన జలపాతాల్ని, హిమానీనదాల గోడల్ని ఎక్కడం. ఈ రెండు పనులకీ కావలసిన రక్‌సాక్ మనం తీర్థయాత్రకి తీసుకెళ్లే బ్యాగు లాంటిది కాదు. ఒకరోజు పనికి 30 లీటర్లు, ఒకటి రెండు రాత్రులు గడపాలంటే 40, 45 లీటర్లు పడుతుంది. ఖాళీ సంచి బరువు కిలోకి అటూ ఇటూ ఉండాలి. వెడల్పు తక్కువ, లేకపోతే చేతులకి అడ్డం. బయట జేబులూ వలలూ వద్దు, మంచు నిండిపోతుంది, రాయికి తగులుకుంటాయి. ఐస్ యాక్స్‌లు కట్టుకునే పట్టీలు, క్రాంపాన్ల ఇనప పళ్లు గుడ్డని చీల్చకుండా దిట్టమైన నైలాను, మందపాటి గ్లవుజులతోనే తీసి పెట్టగల బకిల్స్, సంచిని తాడుతో పైకి లాక్కోవడానికి గట్టి కుట్టుతో ఒక పట్టీ. ఇంతవరకూ ఆడామగా తేడా లేదు. ఎక్కే గోడ ఎవరికైనా ఒకటే గోడ.

తేడా అంతా వీపు దగ్గర వస్తుంది. తల ముందుకి వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కణ్నించి వెన్నుపాము వెంబడి, నడుం మీద చేతులు పెట్టుకుంటే తగిలే తుంటి ఎముకల పై అంచు ఎత్తు దాకా టేపు పెట్టి కొలవాలి. దాన్నే వీపు పొడవంటారు. మనిషి పొడవుకీ దీనికీ ఖచ్చితమైన లెక్కేమీ లేదు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు, ఐదడుగుల మనిషికి అంతకంటే పొడుగు వీపు ఉండొచ్చు. సంచి నడుం పట్టీ సరిగ్గా ఆ తుంటి ఎముకల మీద కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం కాళ్లలోకి దిగుతుంది. భుజాలు కేవలం సంచి వెనక్కి తూలకుండా పట్టుకుంటాయి. నాకు వీపు పదిహేనున్నర అంగుళాలు. ఒకటే సైజులో వచ్చే సంచులు సాధారణంగా 18, 19 అంగుళాల వీపు కోసం కుట్టినవి. అలాంటిది నేను తగిలించుకుంటే రెండే దారులు. భుజం పట్టీలు సరిగ్గా కూర్చోబెడితే నడుం పట్టీ పిరుదుల మీదికి జారి, మోత మొత్తం భుజాల మీద వేలాడుతుంది. నడుం పట్టీని సరైన చోట బిగిస్తే సంచి తలకంటే పైకి లేచి నిలబడుతుంది.

తలకంటే పైకి లేస్తే ఏమవుతుంది? నెత్తిన హెల్మెట్ ఉంది కదా. తల ఎత్తగానే హెల్మెట్ వెనక అంచు సంచికి కొట్టుకుని ఆగిపోతుంది. నేల మీద నడిచేటప్పుడు ఇది చికాకు మాత్రమే. మంచుగోడ మీద గొడ్డలి ఎక్కడ దిగాలో చూడాలంటే తల పైకెత్తి తీరాలి. పైనుంచి పెచ్చు విరిగి పడుతుంటే అది చూసి పక్కకి ఒరగాలన్నా పైకే చూడాలి. ఈ సంచి తగిలించుకున్న మనిషి పైకి చూడలేదు. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి దీన్ని ప్రతీకగా వాడుకోవాలని చెయ్యి లాగుతోంది. వద్దు, దీన్ని మామూలు వాక్యంగానే చదవండి.

ఉత్తరాఖండ్‌లో ఒక సంస్థలో శిక్షణకి వెళ్లినప్పుడు స్టోర్‌రూమ్‌లో అందరికీ ఒకే రకం రక్‌సాకులిచ్చారు. మా బ్యాచ్‌లో ఆడపిల్లలకి రెండో రోజుకే తుంటి మీద కమిలిపోయింది. హిమానీనదం మీద మంచుగోడ ఎక్కే అభ్యాసంలో, సంచితో సహా ఎక్కాల్సిన రోజున, కిందనుంచి శిక్షకుడు పైకి చూడమని అరుస్తూనే ఉన్నాడు. పైకి చూడలేకపోతున్నామని చెబితే భయం వల్ల అలా అనిపిస్తుందన్నాడు. మా టెంట్‌లో ఒక గఢ్వాలీ పిల్ల ఉండేది. చిన్నప్పట్నించీ అడవికి పోయి పశువులకి గడ్డి కోసి మోపుకట్టి వీపున వేసుకొచ్చిన పిల్ల. ఆమె తన శాలువా మడిచి నడుం పట్టీ కింద పెట్టుకుని, మా ఊళ్లో ముప్పై కిలోల గడ్డి మోసినా నా వీపు ఎప్పుడూ ఇలా మండలేదు దీదీ, మోపు నేనే కట్టుకుంటాను కదా అంది. నేను చదివిన థియరీ పుస్తకాల్లో ఏదీ ఈ విషయాన్ని ఇంత సూటిగా చెప్పలేదు. మోసేవాళ్లు కట్టుకున్న మోపు వేరు, ఎవరో కట్టి నెత్తిన పెట్టిన మోపు వేరు.

ఆ తర్వాత సొంత సంచి కొనుక్కుందామని హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపుకి వెళ్లాను. అమ్మే కుర్రాడు మర్యాదస్తుడే. సార్ కోసమా మేడమ్ అని అడిగాడు. నాకే అంటే, లేడీస్ మోడల్ ఉంది మేడమ్, చాలా లైట్‌గా ఉంటుంది, కలర్స్ కూడా బాగుంటాయి అన్నాడు. 28 లీటర్ల సంచి, వంకాయ రంగు. దీనికి ఐస్ యాక్స్ ఎక్కడ కట్టుకోవాలి అంటే, దాంతో మీకేం పని మేడమ్ అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. అతన్ని తప్పుపట్టను. అతనికి కంపెనీ ఇచ్చిన కేటలాగే అలా ఉంది.

ఆ కేటలాగుల్ని నేను సాహిత్యం చదివినట్టే చదివాను. అలవాటు పోదు. ఒక అమెరికన్ కంపెనీ పెద్ద రక్‌సాకుల్లో మగవాళ్ల దానికి బాల్టోరో అని పేరు పెట్టింది. కారకోరంలో 60 కిలోమీటర్లకి పైగా సాగే హిమానీనదం పేరది. అదే సంచి ఆడవాళ్ల రూపానికి దేవా అని పెట్టింది. మగవాళ్లకి భూగోళం, మనకి పూజామందిరం. (సంస్కృతం చదివిన ఎవరినైనా అడిగితే అది పుంలింగమని చెప్పి ఉండేవాళ్లు. దేవుడికే లింగం మార్చేశారు.) ఇంకో కంపెనీలో మగ సంచి ఈథర్, ఆడ సంచి ఏరియల్. ప్రాస్పెరో పురమాయించిన పనులన్నీ చేసిపెడుతూ విడుదల కోసం ఎదురుచూసే ఏరియల్ గురించి ఇంగ్లీషు శాఖ మిత్రులకి నేను చెప్పక్కర్లేదు. సిల్వియా ప్లాత్ గుర్తొస్తే రావచ్చు గానీ, పేరు పెట్టినవాళ్లకి ఆమె గుర్తొచ్చి ఉంటుందని నేననుకోను. ఒక జర్మన్ కంపెనీ అయితే ఆడవాళ్ల సంచులకి గుడ్డతో చేసిన చిన్న పువ్వొకటి తగిలించి మరీ అమ్మింది. పువ్వు సంగతి అలా ఉంచి న్యాయంగా చెప్పాలంటే, ఆడవాళ్ల వీపుని లెక్కలోకి తీసుకుని కొండలెక్కే సంచులు కుట్టిన కొద్దిమందిలో వాళ్లొకరు. చాలామంది నడక సంచుల దగ్గర ఆడ, మగ అని విడదీసి, ఐస్ క్లైంబింగ్ సంచుల దగ్గరికి రాగానే ‘యూనిసెక్స్’ అనేస్తారు. నడుస్తావు సరే, ఎక్కుతావా అన్న అనుమానం ఆ వర్గీకరణలోనే ఉంది.

ఆ జర్మన్ సంచినే తీసుకోండి. మగవాళ్ల దాని కొలత 44+8 లీటర్లు. ఆడవాళ్లదాని కొలత 42+8. రెండు లీటర్లే కదా, ఇంత రాద్ధాంతమా అంటారు. సదస్సులో మనకిచ్చే సమయం కూడా ఐదు నిమిషాలే కదా తగ్గేది. లీటర్లు తగ్గించడానికి వాళ్లిచ్చే కారణం పొట్టి వీపు. పొట్టి వీపుకి పొట్టి సంచి కావాలి, నిజమే. సంచి పొట్టిదైతే లోతు పెంచి పరిమాణం నిలబెట్టొచ్చు. అలా పెంచితే బరువు కాస్త వెనక్కి లాగుతుంది, అది కుట్టేవాళ్లు ఆలోచించి తేల్చుకోవలసిన సమస్య. ఆలోచించడం మానేసి లీటర్లు తగ్గించారు. భుజం పట్టీలు కిందికీ పైకీ జరుపుకునే ఏర్పాటు ఉంది కదా అంటారు కొందరు. నడక సంచుల్లో ఉంటుంది, బాగానే పనిచేస్తుంది కూడా. కానీ పట్టీ కిందికి జరిపినంత మాత్రాన సంచి పొడవు తగ్గదు, తల వెనక అడ్డం అలాగే ఉంటుంది. హెల్మెట్ పెట్టుకోనివాళ్లు ఆలోచించిన పరిష్కారం ఇది.

లీటర్ల దగ్గర నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. ఇది సౌకర్యం సంగతి కాదు, అధికారం సంగతి.

60 మీటర్ల తాడు మూడున్నర కిలోలకి పైనే ఉంటుంది. నేను మోసినా మా జట్టులో ఎనభై కిలోల మగవాడు మోసినా అంతే. రెండు ఐస్ యాక్స్‌లు కిలో పైన, క్రాంపాన్లు కిలోకి దగ్గర, ఇంకా ఐస్ స్క్రూలు, స్టవ్, గ్యాస్, గుడారం, స్లీపింగ్ బ్యాగు. ఇవేవీ ఆడవాళ్ల కోసం చిన్నవి కావు. సంచి చిన్నదైతే ఏం జరుగుతుంది? తాడు అతని సంచిలోకి పోతుంది. గుడారం అతని సంచిలోకి పోతుంది. నా సంచిలో నా బట్టలు, నా స్లీపింగ్ బ్యాగు, ఇద్దరికీ బిస్కెట్లు మిగులుతాయి. తర్వాత వాతావరణం మారి, ముందుకెళ్లడమా వెనక్కి తిరగడమా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు తాడు మోస్తున్న మనిషి మాట్లాడతాడు, బిస్కెట్లు మోస్తున్న మనిషి వింటుంది. ఎవరూ ఆమెని నోరు మూసుకోమని అనరు. అనక్కర్లేదు. ఆమెకే అనిపిస్తుంది, ఇంత మోస్తున్నవాడు చెప్తున్నాడు కదా అని. పేరుకి జట్టు, నిజానికి ఒకరు నాయకుడు, ఒకరు అతిథి. ఇద్దరే ఉండే ఆల్పైన్ జట్టులో బరువు పంచుకోవడమంటే నిర్ణయం పంచుకోవడమే. మన ఇళ్లలో జీతం తెచ్చేవాడి మాటకుండే బరువు గురించి మనమెన్ని కథలు రాశాం!

అందరూ సరిసమానంగా కిలో కిలో లెక్కన మోయాలని నేననడం లేదు. ఒంటి బరువుని బట్టి, ఆ రోజు ఒంట్లో ఓపికని బట్టి పంచుకునే పద్ధతి ఉంది, అది మంచి పద్ధతి. ఆ పంపకం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని చేసుకోవాలి. షాపులోనే, సంచి కుట్టిన రోజునే, ఎవరో జర్మనీలోనో అమెరికాలోనో మా తరఫున చేసేయకూడదు.

ఆడవాళ్లు అంత బరువు మోయలేరు కదా అనే మాట మనదేశంలో ఎవరైనా ఎలా అనగలుగుతారో నాకర్థం కాదు. అపార్ట్‌మెంట్ కడుతున్న చోటికి వెళ్లి నాలుగో అంతస్తుకి ఇటుకలూ ఇసుకా ఎవరు మోస్తున్నారో చూడండి. నీళ్ల బిందెలు, కట్టెల మోపులు, నెత్తిన గంప, చంకన బిడ్డ. 1986లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కెన్యాలోని లువో, కికుయు స్త్రీలు తమ ఒంటి బరువులో ఐదో వంతు దాకా మోస్తూ నడిచినా, వట్టి చేతులతో నడిచినప్పటికంటే అదనంగా శక్తి ఖర్చు కావడం లేదని తేలింది. 2005లో ‘సైన్స్’ పత్రికలో నేపాల్ మోతకూలీల గురించి ఇంకొకటి వచ్చింది. నామ్‌చే సంతకి కొండదారిలో సరుకు మోసేవాళ్లని తూచి చూస్తే, మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 90 శాతానికి పైగా, ఆడవాళ్లు 60 శాతానికి పైగా మోస్తున్నారు. నుదుటి మీదుగా వేసుకునే నామ్లో అనే పట్టీ, వెదురు బుట్ట, అంతే వాళ్ల సరంజామా. ఇవన్నీ చూసి, ఆహా ఆడవాళ్ల శక్తి అని మురిసిపోవడానికి చెప్పడం లేదు. ఆ బరువులు పేదరికం పెట్టిన బరువులు. నేను చెప్పేది వేరే. ఆడది బరువు మోయడం ఈ లోకంలో ఎవరికీ అభ్యంతరం కాదు. ఇంటి కోసం, మేస్త్రీ కోసం, యాత్రికుల కోసం ఎంతైనా మోయొచ్చు. తన బరువు తను వీపున వేసుకుని, తనకి ఇష్టమైన చోటికి, ఎవరికీ ఏ లాభమూ లేని చోటికి పోతానన్నప్పుడే హఠాత్తుగా ఆమె ఎముకలు సుకుమారమైపోతాయి. అప్పుడే వంకాయ రంగు సంచి బయటికొస్తుంది.

కొండల చరిత్ర నిండా ఇదే. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ 1857లో పుట్టింది. 1970ల మధ్య దాకా ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోలేదు. 1907లో ఆడవాళ్లు తమ క్లబ్ తాము పెట్టుకోవలసి వచ్చింది. 1929లో మిరియం ఓబ్రయెన్, అలీస్ దమేమ్ అనే ఇద్దరు, మగ తోడు లేకుండా, ఫ్రాన్స్‌లో గ్రెపాన్ శిఖరం ఎక్కి దిగారు. ఆ సాయంత్రమే ఒక పర్వతారోహకుడు, ఇక గ్రెపాన్ పని అయిపోయింది, ఇద్దరు ఆడవాళ్లు ఎక్కేశాక పరువున్న మగాడెవడూ దాని జోలికి పోలేడు అన్న అర్థం వచ్చేలా వాపోయాడట. శిఖరం మాయమైపోయిందన్నమాట! మగవాళ్లు ఎక్కుతున్నంతకాలం కొండ, మనం ఎక్కాక దిబ్బ.

జుంకో తాబే నాకు ఇంకా దగ్గరి మనిషి. ఆమె 1969లో జపాన్‌లో ఆడవాళ్ల క్లైంబింగ్ క్లబ్ పెట్టింది. ఎవరెస్ట్ కోసం డబ్బడగడానికి వెళ్తే, పిల్లల్ని పెంచుకోకుండా ఎందుకిదంతా అన్న మాటలు పడింది. డబ్బు చాలక ఆమె జట్టు కారు సీట్ల కవర్లు కోసి, నీళ్లు దిగని సంచులూ పైగ్లవుజులూ కుట్టుకున్నారు. చైనా నుంచి బాతు ఈకలు తెప్పించుకుని స్లీపింగ్ బ్యాగులు కుట్టుకున్నారు. 1975 మే 16న ఆమె ఎవరెస్ట్ మీద నిలబడింది. ప్రపంచానికి ఆ ఫొటో గుర్తుంది. నాకు ఆ కుట్టుమిషను ముందు కూర్చున్న ఆడవాళ్లు గుర్తుంటారు. మోపు వాళ్లే కట్టుకున్నారు.

మన స్త్రీవాద చరిత్రని కూడా వదలదలుచుకోలేదు. 1978లో ఆర్లీన్ బ్లమ్ నాయకత్వంలో అమెరికన్ ఆడవాళ్ల బృందం అన్నపూర్ణ ఎక్కింది. ఆ యాత్ర నుంచి స్ఫూర్తి పొందని మహిళా పర్వతారోహకులు తక్కువ. షెర్పా స్త్రీలని కూడా క్లైంబింగ్‌లోకి తీసుకురావాలన్న ఆలోచన ఆ యాత్రకి ఉండేది. అది వంటపని, బట్టలుతుకుడు దగ్గరే ఆగిపోయింది. అక్కాచెల్లెళ్లలో కొందరు ఎక్కేవాళ్లు, కొందరు వండేవాళ్లు. పసాంగ్ లాము 1993లో ఎవరెస్ట్ ఎక్కిన తొలి నేపాలీ స్త్రీ అయింది, దిగుతూ దారిలోనే చనిపోయింది. మోతకూలీగా మొదలైన లాక్పా షెర్పా 2022కల్లా పదిసార్లు ఎక్కింది. రక్‌సాక్ కంపెనీల ప్రకటనల్లో కనబడే ఆడమొహాలు మాత్రం ఎక్కువగా వేరే రంగువి.

అందుకే ‘లేడీస్ మోడల్’ ఇస్తే సరిపోతుందని నేననను. ఆడవాళ్లందరికీ ఒకే వీపు ఉందనడం, మగవాళ్లందరికీ ఒకే వీపు ఉందనడం రెండూ ఒకే తప్పు. సగటున ఆడవాళ్ల వీపు పొట్టి, భుజాలు ఇరుకు, తుంటి వెడల్పు అంటారు. సగటుతో ఎవరూ కొండ ఎక్కరు. మా జట్టులో ఐదడుగుల నాలుగంగుళాల శ్రీకాకుళం అబ్బాయి ఒకడున్నాడు. అతనికి సరిపోయేది ఆడవాళ్ల సంచే. ఆ మాట పైకి చెప్పుకోలేక రెండేళ్లు భుజాలు నొప్పెట్టించుకున్నాడు. ‘యూనిసెక్స్’ అంటే మగవాడి వీపే, అదీ ఆరడుగుల యూరపు మగవాడి వీపు. మన మగవాళ్లక్కూడా అది పరాయిదే. చెప్పులు నంబర్లలో అమ్ముతున్నారు కదా, అలాగే సంచి మీద వీపు పొడవు అంగుళాల్లో రాయమనండి. 14 నుంచి 21 దాకా అన్నీ కుట్టమనండి. ప్రతి కొలతలోనూ 30 లీటర్లదీ 45 లీటర్లదీ ఉండమనండి. ఆడ, మగ అన్న చీటీ తీసేయమనండి. ఖర్చెక్కువవుతుందంటారు. చెప్పుల కంపెనీలు దివాలా తీయలేదు కదా!

ఈలోగా కొనాల్సినవాళ్లు కొనాలి కాబట్టి చెప్తున్నాను. షాపుకి హెల్మెట్, హార్నెస్ రెండూ పట్టుకెళ్లండి. సంచిలో పది కిలోల బియ్యం బస్తా, రెండు మూడు నీళ్ల సీసాలు పెట్టించండి. షాపువాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నడుం పట్టీ బిగించి, హెల్మెట్ పెట్టుకుని పైకప్పు చూడండి. తల ఆగితే ఆ సంచి వద్దు. రెండు చేతులూ పైకెత్తి గొడ్డలి దింపినట్టు ఊపండి. మోచేయి తగిలితే వద్దు. ఛాతీ మీది పట్టీ రొమ్ములకి అడ్డం రాకుండా పైకి జరుగుతుందో లేదో చూడండి. దీన్ని నోరు తెరిచి అడగడానికి మనం సిగ్గుపడతాం, అందుకే ఏళ్లకేళ్లు అలాగే ఉంటోంది. హార్నెస్ మీద నడుం పట్టీ పడితే, హార్నెస్‌కి తగిలించిన స్క్రూలు చేతికందవు. కాబట్టి విప్పి తీసేయగల పట్టీ, లేదా వెనక్కి మడిచి పెట్టగల పట్టీ కావాలి. పై మూతలో ఒక జేబు నెలసరి సామాన్లకి. వాడినవి తిరిగి కిందికి తెచ్చుకోవాలి కాబట్టి దళసరి జిప్ సంచి ఒకటి. శిక్షణలో ఇచ్చిన సామాన్ల జాబితాలో షేవింగ్ కిట్ ఉంది గానీ ఇది లేదు. ఇక రంగు. తెలుపూ బూడిదరంగూ తప్ప ఏదైనా సరే, మంచులో కనబడాలి. ఆ లెక్కన వంకాయ రంగు మీద నాకు కోపమేమీ లేదు, దాన్ని మనకి అంటగట్టిన తీరు మీదే.

డబ్బున్న ఆడవాళ్ల ముచ్చట ఇది అనే విమర్శ మిగిలింది. మంచి ఐస్ క్లైంబింగ్ సంచి ఖరీదు ఒక గెస్ట్ లెక్చరర్ నెల జీతంలో పెద్ద ముక్క, కాదనను. నేను కొన్నది వాయిదాల మీద. కానీ 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి ఆదివాసీ పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఖమ్మం జిల్లా దళిత కుర్రవాడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. కూలిచేసే అమ్మానాన్నల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల, భువనగిరి కొండ మీద రాయి ఎక్కడం నేర్చుకున్న పిల్ల. ఆమె ధైర్యం గురించి, పేదరికం గురించి, రికార్డు గురించి ఎంతో రాశారు. పదమూడేళ్ల పిల్ల వీపుకి సరిపడే సంచి ఎవరు కుడతారు అన్న ప్రశ్న నేను చదివిన వార్తల్లో ఎక్కడా లేదు. ఆమెని చూసి ఇప్పుడు గురుకులాల నుంచి, తండాల నుంచి భువనగిరి కొండ దగ్గరికి వస్తున్న ఆడపిల్లలకి స్టోర్‌రూమ్‌లో ఏ సంచి ఉంటుంది? కొనలేనివాళ్లకే కదా స్టోర్‌రూమ్ సంచి. సైజుల గొడవ వాళ్లదే ముందు, నాది తర్వాత. శిక్షణ సంస్థలు, ప్రభుత్వ సంక్షేమ శాఖలు సామాన్లు కొనేటప్పుడు టెండరులో వీపు కొలతలు రాయాలని మనం అడగాలి. మన పత్రికలు, మన సంఘాలు అడగాలి. రచయిత్రులకి ఇందులో పనేమిటంటారా? టెండరు కూడా ఒక రచనే. ఎవరి ఒంటిని మనిషి ఒళ్లుగా ఊహించి రాశారన్నది అందులోనూ చదవొచ్చు.

వచ్చే మే నెలలో నేనూ, వరంగల్‌లో లెక్కల టీచరుగా ఉన్న నా స్నేహితురాలూ కలిసి గఢ్వాల్ వెళ్తున్నాం. ఆమె వీపు పదిహేడు, నాది పదిహేనున్నర. ఇద్దరివీ 45 లీటర్ల సంచులే. నాది దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. తాడు మొదటి రోజు ఆమె, గుడారం నేను, హిమానీనదం మీదికి చేరాక మార్చుకుంటాం. మా వీధి చివర పాతసామాన్ల కొట్టు కాటా మీద సంచి తూచుకుంటున్నాను. పోయిన ఆదివారం పదమూడు కిలోల రెండొందలు తూగింది. స్టవ్ ఇంకా పెట్టలేదు.